ముక్కు చక్రం వణికితే ముందుగా చూడవలసింది నట్టు

ప్రశ్న: నేను టెక్సాస్‌లో ఉంటున్నాను. వేరొకరు కిట్ తెప్పించుకుని కట్టుకున్న ఆర్‌వీ-9ఏ విమానాన్ని నిరుడు కొన్నాను. నేలకు దిగాక వేగం తగ్గేటప్పుడు ముక్కు చక్రం గడగడ వణుకుతోంది. టైరు మార్చినా తగ్గలేదు. లోపం ఎక్కడ వెతకాలి?

జవాబు: వణుకు కనబడగానే అందరి చెయ్యీ టైరు మీదికే పోతుంది. టైరు గాలి, బ్యాలెన్సు వణుకును పెంచగలవన్నది నిజమే కాని, మీ విమానం విషయంలో నేనైతే నట్టుతో మొదలుపెడతాను. ఈ రకంలో ముక్కు చక్రాన్ని పెడళ్లతో తిప్పే ఏర్పాటు లేదు. కుడి ఎడమ బ్రేకులతో విమానాన్ని మళ్లిస్తే చక్రాన్ని రెండు వైపులా పట్టి ఉంచే ఫోర్కు తనంతట తానే ఆ వైపుకు తిరుగుతుంది. అది విచ్చలవిడిగా ఊగకుండా పట్టి ఉంచేది రాపిడి ఒక్కటే. ముక్కు చక్రాన్ని మోసే కాలు చివర ఉన్న పెద్ద నట్టు, గిన్నెలా వంగిన స్ప్రింగు వాషర్లను నొక్కి ఉంచడం వల్ల ఆ రాపిడి పుడుతుంది. వాషర్లు, ముఖ్యంగా కొత్తవి, వాడకంలో సర్దుకున్నకొద్దీ పట్టు సడలుతుంది.

తోకను కిందికి కట్టి ముక్కు చక్రాన్ని నేల నుంచి లేపండి. స్ప్రింగు త్రాసు కొక్కేన్ని ఇరుసు దగ్గర తగిలించి పక్కకు లాగండి. ఫోర్కు కదలడానికి సుమారు 22 పౌండ్లు, అంటే దాదాపు 10 కిలోల బలం పట్టాలి. అంతకన్నా తేలికగా కదిలితే నట్టు వదులు కాకుండా ఆపే కాటర్ పిన్ను తీసి, నట్టును కొంచెం కొంచెంగా బిగిస్తూ ప్రతిసారీ కొలిచి, చివరకు కొత్త పిన్ను వేయండి.

చక్రం పైకి లేచి ఉండగానే బేరింగులను కూడా చూడండి. దీనికి చక్రపు తొడుగు విప్పక తప్పదు, బద్ధకించవద్దు. ఇరుసు మీద చక్రానికీ ఫోర్కుకూ మధ్య ఎడం ఉంచే స్పేసరుకూ ఫోర్కుకూ కలిపి మార్కరుతో ఒక గీత గీసి, చక్రాన్ని చేత్తో తిప్పండి. గీత రెండు ముక్కలైందంటే చక్రంతోపాటు స్పేసరు కూడా తిరుగుతూ ఫోర్కును ఒరుసుకుంటున్నట్టు. ఇది వణుకు కంటే ప్రమాదకరం, ఎందుకంటే అలా బిగుసుకునే చక్రం స్ప్రింగులా వంగే ఉక్కు కాలును వెనక్కి లాగుతుంది. గతుకుల పచ్చిక రన్‌వే మీద కాలు అలా వంగినప్పుడు ఫోర్కు అడుగుభాగం మట్టిలో దిగబడి విమానం తలకిందులైన సందర్భాలున్నాయి. కాలును ఇంజను మౌంటుకు బిగించిన బోల్టు దగ్గర వదులు ఉందేమో, కాలు మీద తుప్పుగాని పగులుగాని ఉందేమో అప్పుడే చూసుకోండి.

లాగ్‌బుక్కులో మరొకటి వెతకండి. నేలకూ ఫోర్కుకూ మధ్య ఎడం సుమారు ఒక అంగుళం పెరిగేలా కాలును సవరించి కొత్త ఫోర్కు అమర్చమని, ఈ కిట్లు తయారుచేసే వ్యాన్స్ సంస్థ 2007లో సర్వీస్ బులెటిన్ (మార్పు సూచన) ఇచ్చింది. పాత కిట్లలో ఈ మార్పు జరిగిందో లేదో కాగితం చూస్తేగాని చెప్పలేము.

ఈ పనులన్నీ మీరే చేసుకోవచ్చు. విమానం కట్టింది మీరు కాదు కనుక ఏటా జరిగే కండిషన్ తనిఖీ మీద సంతకం మాత్రం ఏ అండ్ పీ మెకానిక్కు (విమాన చట్రం, ఇంజను పనులకు సర్టిఫికెట్ ఉన్నవారు), ఆ విమానానికి రిపేర్‌మన్ సర్టిఫికెట్ పొందిన మొదటి నిర్మాత వంటి అర్హత ఉన్నవారే చేయాలి. త్రాసులో వచ్చిన అంకెను తేదీతో సహా రాసి ఉంచితే, పట్టు ఎన్ని గంటల ప్రయాణానికి ఎంత సడలుతోందో వారికీ తెలుస్తుంది.