హీరోయిన్‌కి ప్రాంప్టింగ్ చెబుతూ మనసు పారేసుకున్నా... చెప్పేయమంటారా?

ప్రశ్న: నా వయసు 23. మాది ఖమ్మం దగ్గర పల్లె. బీటెక్ అయ్యాక సినిమా పిచ్చితో హైదరాబాద్ వచ్చి, కృష్ణానగర్‌లో ముగ్గురు స్నేహితులతో గదిలో ఉంటూ ఓ పెద్ద సినిమాకు అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేస్తున్నా. హీరోయిన్ ముంబై అమ్మాయి, చాలా పేరున్న నటి. తెలుగు రాదు కాబట్టి ఆమెకు డైలాగులు ప్రాంప్ట్ చేసే పని నాకిచ్చారు. హీరో లేని రోజుల్లో ఆమె క్లోజప్‌లకు కెమెరా పక్కన నిలబడి లుక్ కూడా నేనే ఇచ్చేవాణ్ని. పేరు పెట్టి పిలిచేది, తిన్నావా అని అడిగేది. షెడ్యూల్ అయిపోయినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. పొద్దస్తమానం ఆమె రీల్సే చూస్తున్నా. యూనిట్ నంబర్ల జాబితాలోంచి ఆమె నంబర్ తీసుకుని రెండుసార్లు వాట్సాప్ చేశా. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. మూడు వారాల్లో ఫిల్మ్‌సిటీలో మళ్లీ షెడ్యూల్. ఇంట్లో చూస్తే మేనమామ కూతుర్ని చేసుకోమని ఒకటే పోరు. ఆమెకు నా మనసులో మాట చెప్పేయమంటారా?
- పేరు రాయలేను, హైదరాబాద్

జవాబు: చెప్పొద్దు. ఎందుకన్నది తర్వాత మాట్లాడుకుందాం. ముందు మూడో మెసేజ్ పెట్టకండి. ‘సారీ మేడమ్, డిస్టర్బ్ చేశాను’ అని కూడా వద్దు. క్షమాపణ కూడా ఒక మెసేజే, దానికీ మీరు జవాబు కోసం ఎదురుచూస్తారు. ఆ నంబర్ షూటింగ్ అవసరం కోసం మీ చేతికొచ్చింది, అంతకుమించి వాడుకునే హక్కు మీకు లేదు. ఫోన్లోంచి తీసేయండి, చాట్‌తో సహా.

ఇక మీకు జరిగింది చూద్దాం. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు. మీకిచ్చిన డ్యూటీయే అలాంటిది. క్లోజప్‌లో లుక్ ఇవ్వడమంటే ఏమిటి? లెన్స్‌ని ఆనుకుని మీరు నిలబడతారు, మూడు నాలుగు అడుగుల దూరంలో ఆమె మీ కళ్లలోకి చూస్తూ ప్రేమ డైలాగ్ చెబుతుంది. చుట్టూ అంతా నిశ్శబ్దం, లైటు ఆమె మీదే. టేకు తర్వాత టేకు. 1989లో అమెరికాలో అచ్చయిన ఓ ప్రయోగంలో, ముక్కూమొహం తెలియని ఆడామగా రెండు నిమిషాలు కళ్లలో కళ్లు పెట్టి చూసుకుంటే చాలు, అవతలివారి మీద మక్కువ పెరిగిందని చెప్పారు. మీరు రోజుల తరబడి అదే పని చేశారు, అదీ నిద్ర చాలని ఒంటితో. మనసు కదలకపోతేనే వింత.

ప్రాంప్టింగ్ సంగతీ అంతే. ఆమె మీ పెదాల వంక ఎంతో శ్రద్ధగా చూసే ఉంటుంది. చూడక తప్పదు కదా! ఆ పాత్రకు గొంతు మరొకరు ఇచ్చేటప్పుడు ప, బ, మ లాంటి పెదాలు కలిసే అక్షరాల దగ్గర ఆమె పెదాలు కలవకపోతే తెరమీద దొరికిపోతుంది. భాష రాని నటికి ఆ పూట ఆధారం మీ నోరే. మీరు కంగారు పడితే ఆమె తడబడుతుంది, టేకులు పెరుగుతాయి. అందుకే పేరు గుర్తుపెట్టుకుంటుంది, తిన్నావా అని అడుగుతుంది. ఆ మంచితనం నకిలీ అనడం లేదు. అది పనిచోట తోటి మనిషి మీద చూపే మంచితనం. టచప్ అబ్బాయినీ, ప్రొడక్షన్‌లో టీ తెచ్చిచ్చే అతన్నీ ఆమె ఎలా పలకరించేదో నిజాయతీగా గుర్తుచేసుకోండి.

ఇంకా అనుమానం తీరకపోతే ఓ కాగితం మధ్యకు గీత గీయండి. ఎడమవైపు ఆమె గురించి మీకు తెలిసినవన్నీ, కుడివైపు మీ గురించి ఆమెకు తెలిసినవన్నీ రాయండి. ఎడమవైపు వాటిల్లో ఇంటర్వ్యూల్లో, ఇన్‌స్టాలో దొరికేవన్నీ కొట్టేయండి. ఏం మిగులుతుందో చూడండి. కుడివైపు మీ పేరు, బహుశా మీ ఊరు... అంతకన్నా ఉంటే ఆశ్చర్యమే.

ఇలా ఒకరి తలపులే వదలని స్థితికి మనస్తత్వవేత్త డొరొతీ టెన్నోవ్ 1979లో ‘లిమరెన్స్’ అని పేరు పెట్టారు. ఇది బతికేది ఆశ మీద, అటో ఇటో తేలని సందిగ్ధం మీద. మీ నీలం టిక్కులు చేస్తున్న పని అదే. ‘కాదని అనలేదుగా’ అన్న రెండు ముక్కలు పట్టుకుని మీరు రాత్రంతా మేలుకుంటున్నారు. ఇది మూడు దారుల్లో ముగుస్తుందని టెన్నోవ్ వివరించారు: అవతలివారు స్పందించి అనుబంధంగా మారడం, ఆశకు మేత లేక ఎండిపోవడం, లేదా మనసు మరొకరి మీదికి మళ్లడం. మీకు పనికొచ్చేది రెండోది.

మేత ఎక్కడెక్కడి నుంచి వస్తోందో చూడండి. మొదటిది ఇన్‌స్టా. అన్‌ఫాలో చేయండి, వెతికిన చరిత్ర చెరిపేయండి, ఆమె రీల్ వస్తే ‘ఆసక్తి లేదు’ నొక్కండి. ఆగి చూసిన ప్రతిసారీ అలాంటివే మరో పది వస్తాయి. పైగా పేరున్న తారల ఖాతాలు చాలావరకు పీఆర్ బృందాల చేతుల్లో ఉంటాయి. అక్కడ మీరు చదివే క్యాప్షన్ ఎవరు రాశారో ఏమో.

రెండోది మీరు రాయని విషయం, కానీ ఉండే ఉంటుంది: కంటిన్యూటీ ఫొటోలు, అంటే షాటుకీ షాటుకీ వేషంలో తేడా రాకుండా తీసి పెట్టుకునేవి. ముందు, వెనక, పక్కల నుంచి, చేతి ఉంగరాలు, గోళ్ల రంగు, జడ ఏ భుజం మీదుందో... ఒక్కో సీనుకు డజన్ల కొద్దీ మీ సొంత ఫోన్లో ఉంటాయి. సీన్ నంబర్, కాస్ట్యూమ్ నంబర్ వేసి యూనిట్ డ్రైవ్‌లోకి ఎక్కించి, కో-డైరెక్టర్‌కి చూపించి, ఫోన్లోంచి పూర్తిగా తీసేయండి. రీసైకిల్ బిన్, ఆటో బ్యాకప్ మరిచిపోకండి. ఇది మీ మనశ్శాంతికే కాదు, విడుదలకు ముందు ఒక్క ఫొటో బయటికొచ్చినా మీ కెరీర్ అక్కడితో సరి.

రాత్రి ఫోను మంచానికి దూరంగా, గదిలో వేరే మూల ఛార్జింగ్ పెట్టండి. మొదటి వారం పది రోజులు నరకంలా ఉంటుంది. ఆ తర్వాత సడలుతుంది. మధ్యలో ఒక్క రాత్రి ‘ఒకసారి చూస్తే ఏమవుతుంది’ అనిపిస్తుంది, చూస్తే మళ్లీ మొదటికొస్తారు.

వచ్చే షెడ్యూల్ గురించి. కో-డైరెక్టర్‌ని ఇప్పుడే అడగండి: ‘సార్, ఈసారి క్రౌడ్, జూనియర్ ఆర్టిస్టుల పని నేర్చుకుంటాను, ప్రాంప్టింగ్ ఇంకొకరికి ఇవ్వండి.’ నేర్చుకోవాలన్న కుర్రాణ్ని ఎవరూ కాదనరు, కారణం తవ్వరు. కుదరకపోతే ప్రాంప్టింగ్ కెమెరా వెనక నుంచి గొంతుతో చెప్పండి. లుక్ కోసం లెన్స్ ముందుండే మాట్ బాక్స్ మీదో, స్టాండ్‌కో హీరో కళ్ల ఎత్తులో టేపు ముక్క అతికించమని కెమెరా అసిస్టెంట్‌ని అడగొచ్చు. కొందరు నటులకు మనిషి లేకపోతే కుదరదు, అప్పుడు ఇంకో అసిస్టెంట్‌ని నిలబెట్టండి. కారవాన్ మెట్లెక్కకండి. ‘షాట్ రెడీ’ కబురు ఆమె అసిస్టెంట్‌కి చెబితే చాలు. మొదటిరోజు ఎదురుపడితే అందరిలాగే గుడ్ మార్నింగ్ చెప్పి పనిలో పడండి. మెసేజ్‌ల ఊసు ఆమో, మేనేజరో ఎత్తితే మాత్రం ఒక్క మాట: ‘తప్పే, మళ్లీ జరగదు.’ వివరణ మొదలుపెట్టారో, మొత్తం బయటపడుతుంది.

చెప్పేస్తే ఏమవుతుందో ఆమె వైపు నుంచి ఆలోచించండి. ఆమె పని చేసుకోవడానికి వచ్చిన చోట, ఇంకా నెలల తరబడి కలిసి చేయాల్సిన మనిషి నుంచి ఆ మాట వినాలి. తర్వాత మీతో డైలాగ్ చెప్పించుకోగలదా? పేరు, డబ్బు ఆమెకున్నా సెట్లో ఆ ఇబ్బంది మోయాల్సింది ఆమే. ఇష్టం లేదని తెలిసీ పదేపదే సంప్రదిస్తే భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద అది నేరం, మొదటిసారికే మూడేళ్ల వరకు శిక్ష. మీరు అంతదూరం వెళ్లారని కాదు, వెళ్లే దారి రెండు మెసేజ్‌లతోనే మొదలవుతుంది.

యూనిట్లో ఎవరికీ చెప్పకండి. పొద్దున టీ కొట్టు దగ్గర అన్న మాట సాయంత్రానికి వెబ్‌సైట్లో గాసిప్ అవుతుంది. సినిమాలతో సంబంధం లేని కాలేజీ స్నేహితుడు ఒకరుంటే చాలు. రెండు నెలలైనా తిండి, నిద్ర, పని దారికి రాకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆమె పోస్టులు, చీర రంగులు మీకోసమే ఇస్తున్న సంకేతాలని ఎప్పుడైనా గట్టిగా అనిపిస్తే రెండు నెలలు ఆగొద్దు. వెంటనే సైకియాట్రిస్టును కలవండి, ఎర్రగడ్డ ప్రభుత్వ ఆస్పత్రిలోనూ ఓపీ ఉంటుంది.

ఒకటి గమనించాను. ఉత్తరంలో ఆమె గురించి వరుసపెట్టి రాశారు. సినిమా పిచ్చితో వచ్చానన్నారు, మరి సొంత కథ ఏమైనా రాస్తున్నారా అన్నది ఎక్కడా లేదు. ఈ మూడు వారాలు ఖాళీయే కదా.

మీ మరదలి సంగతి. ఇది మరిచిపోవడానికి ఆ పెళ్లికి ఒప్పుకోకండి, ఆ పిల్లకు అన్యాయం చేసినవారవుతారు. దీన్ని తలుచుకుని విసురుగా కాదనకండి కూడా. ‘ఈ సినిమా పూర్తయి, చేతిలో నికరంగా జీతం పడేదాకా పెళ్లి మాట వద్దు’ అని అమ్మకు, మామయ్యకు కలిపి ఒకేసారి చెప్పండి. ఆ అమ్మాయిని ఆశలో పెట్టి ఉంచొద్దని, వేరే సంబంధం వస్తే చూసుకోమని మామయ్యకు విడిగా చెప్పడం మర్యాద. ఇది ఫోన్లో మాట్లాడే విషయం కాదు. ఎంజీబీఎస్‌లో పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటారు.