మాటను తోడుతో సహా తెచ్చుకో: యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

రాయడానికి కూర్చుంటే మాటలు అందడం లేదనీ, నిఘంటువు ముందేసుకుని రోజుకు పది పదాల చొప్పున బట్టీ పట్టాలనుకుంటున్నాననీ రాశావు. ఆ పని మాత్రం చెయ్యకు. ఎందుకు వద్దంటున్నానో నీ కథలోంచే చూపిస్తాను. "ఆ ఏడు వాళ్లింటికి అదృష్టం దాపురించింది" అని ఒక వాక్యం రాశావు. దాపురించడమంటే దగ్గరకు రావడం, సంభవించడం. నిఘంటువు ప్రకారం నీ వాక్యంలో తప్పేమీ లేదు. కానీ మనవాళ్ల నోట కరువు దాపురిస్తుంది, శని దాపురిస్తుంది, పీడ దాపురిస్తుంది. మంచిదేదీ దాపురించదు. పాల్పడటం, ఒడిగట్టడం కూడా ఇలాంటివే. దొంగతనానికి పాల్పడతారు, ఘోరానికి ఒడిగడతారు. అన్నదానానికి పాల్పడ్డాడంటే చదివేవాడు ఉలిక్కిపడతాడు. ఈ రుచి అర్థం చెప్పే చోట సాధారణంగా దొరకదు. ఆ మాట పది కథల్లో దేని పక్కన కూర్చుందో గమనిస్తే పట్టుబడుతుంది. మాటలు నేర్చుకోవడానికి కథలే చదవమనేది అందుకే. అక్కడ మాట తన తోడుతో సహా దొరుకుతుంది.

ముందు నవలల జోలికి వెళ్లకు. పది పన్నెండు పేజీల కథ తీసుకో. మొదటి పేజీలో తెలియని మాటలు మూడు నుంచి ఆరు దాకా ఉంటే అది నీకు సరిపోయే కథ. పదిహేను దాటితే ఊహించడానికి చుట్టూ ఆధారం మిగలదు, అర్థాలు వెతుక్కోవడంతోనే సరిపోతుంది. దాన్ని ఏడాది తర్వాత చదువుకోవచ్చు. యాసలో రాసిన కథలకు మాత్రం ఈ లెక్క పట్టించుకోకు. వాటిలో మొదట కొత్తగా కనిపించేవి చాలావరకు నీకు తెలిసిన మాటలే, ఉచ్చారణ వేరు. రెండు పేజీలు పైకి చదివితే చెవికి అలవాటవుతాయి.

మొదటిసారి చదివేటప్పుడు నిఘంటువూ ఫోనూ దగ్గర ఉంచుకోకు. తెలియని మాట వస్తే అంచున పెన్సిల్‌తో చుక్క పెట్టి ముందుకు పో. మర్నాడో ఆ మర్నాడో రెండోసారి చదువు. కొన్ని చుక్కలు వాటంతటవే విడిపోతాయి, ఎందుకంటే అదే మాట ఇంకోచోట ఇంకో సందర్భంలో వచ్చి తన సంగతి తానే చెప్పుకుంటుంది. మిగిలినవాటిలో ఐదో ఆరో ఏరుకో. అన్నీ రాసుకుంటే ఒక్కటీ మిగలదు. కొత్తవాళ్లు తెలియని పదం కనిపించిన ప్రతిచోటా ఆగిపోతారు. అప్పుడు కథ నడక తెగిపోతుంది, నడక తెగితే మాట ఏ కోపంలో, ఏ వెటకారంలో వచ్చిందో తెలియదు.

ఏరుకునేటప్పుడు క్రియలకు మొదటి పీట వెయ్యి. నామవాచకాలు వస్తువును చూస్తే వచ్చేస్తాయి, విశేషణాలు ఎక్కువైతే వాక్యం బరువెక్కుతుంది. వాక్యాన్ని నడిపేది క్రియే. వానను చూడు. "వాన ఆగింది" అని ఎవరైనా రాస్తారు. "వాన తెరిపిచ్చింది" అంటే మబ్బు ఇంకా పోలేదు, మళ్లీ పట్టుకునేలోపు పని చక్కబెట్టుకోవాలి. "వాన వెలిసింది" అంటే ఆకాశం తేటపడింది, ఇక నింపాదిగా బయల్దేరొచ్చు. నీ పాత్ర గడప దాటే తీరు ఈ రెండింటిలో ఏది రాశావన్నదాన్ని బట్టి మారిపోతుంది. ఇదే రూపం ఇంకోచోట చూస్తే చొక్కా రంగు వెలిసింది, కొండ మీద దేవుడు వెలిశాడు. నిఘంటువులో అయితే వెలియు, వెలయు రెండు చోట్లా చూడాలి. అలాగే ముసురు పట్టింది అంటారు, తుంపర పడింది అంటారు, వాన దంచికొట్టింది అంటారు. ఈ జతలు తారుమారైతే అర్థం తెలుస్తుంది గానీ తెలుగులా వినిపించదు.

నోట్‌బుక్‌లో పదమూ అర్థమూ రెండు గళ్లు గీసుకుని రాయకు. ఒక్కో మాటకు అరపేజీ వదులు. పైన కథలోని వాక్యం మొత్తం ఎత్తి రాయి. దాని కింద మాట మూలరూపం. ఆ కింద ఎవరు ఎవరితో ఏ ఊళ్లో అన్నారో ఒక ముక్క. అది పాత్ర మాటా, కథ చెప్పేవాడి మాటా అన్నది తప్పకుండా గుర్తు పెట్టు. అర్థం చివర రాయి, వీలైతే నీ సొంత మాటల్లో. మిగిలిన చోటు ఖాళీగా ఉంచు. అదే మాట ఇంకో కథలో కనబడితే ఆ వాక్యం అక్కడ చేరుతుంది. ఈ ఖాళీయే ముఖ్యం. మూడు వాక్యాలు చేరిన మాట నీదయినట్టు లెక్క. ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయినదాన్ని గుర్తుపట్టగలవు, అంతవరకే. తిరగేయడం మర్నాడు ఒకసారి, వారానికి ఒకసారి, నెలకు ఒకసారి చాలు. తిరగేసేటప్పుడు అర్థం మూసి వాక్యం చూడు. వాక్యం మూసి అర్థం చూస్తే మళ్లీ బట్టీలోకే పోతావు.

ఇక నిఘంటువు. "దొరకలేదు" అని మూసేసేవాళ్లలో చాలామంది తప్పు చోట వెతుకుతారు. కథలో ఉన్న రూపం నిఘంటువులో ఉండదు. కురిసింది కావాలంటే కురియు చూడాలి, తడిశాడు అంటే తడియు, నడిచాడు అంటే నడుచు. జరిగిపోయిన పనిలో స, శ వినిపిస్తే ఎక్కువగా యు-తో ముగిసే ధాతువు, చ వినిపిస్తే చు-తో ముగిసే ధాతువు. ధాతువంటే క్రియ మూలరూపం. చూశాడుకు చూచు ఉన్నట్టు మినహాయింపులూ ఉన్నాయి. సున్నాతో ముగిసే పేర్లు పాత నిఘంటువుల్లో ము-తో ఉంటాయి. దానికి తోడు బండి ర (ఱ). 1885 నాటి శబ్దరత్నాకరంలో గుర్రం కావాలంటే గుఱ్ఱము దగ్గరికి పోవాలి, చెరువుకు చెఱువు, ఏరుకు ఏఱు. సమాసంలో రెండో మాట గ, స, డ, ద, వ లతో మొదలై దొరకకపోతే క, చ, ట, త, ప కింద చూడు. కూరగాయల్లో ఉన్నది కాయే, అన్నదమ్ముల్లో ఉన్నది తమ్ముడే. యాస రాతకు ఇంకో మెట్టు ఉంది. సెట్టు, సిన్న, సెప్పు అని ఉంటే స తీసి చ పెట్టు. యాడ అంటే ఏడ. వొ-తో మొదలైతే ఒ కింద చూడు. మింద అంటే మీద.

ఏ నిఘంటువు అనేది మాటను బట్టి ఉంటుంది. శబ్దరత్నాకరం కావ్యభాష వైపు మొగ్గుతుంది. 1852లో అచ్చయిన బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో ఆనాటి వాడుక మాటలు, వాటి ప్రయోగాలు కనిపిస్తాయి. 1991లో వచ్చిన గ్విన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు ఈ కాలపు వచనానికి దగ్గర. ఆంధ్రభారతి సైట్‌లో ఒక మాట కొడితే చాలా నిఘంటువుల్లో ఒకేసారి వెతుకుతుంది కాబట్టి మొదట అక్కడికే వెళ్లు. నాగలి భాగాలు, మగ్గం భాగాలు లాంటివి వీటిలో దొరక్కపోతే భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి పూనికతో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం చూడు. 1962లో వచ్చిన మొదటి సంపుటం వ్యవసాయానిది, తర్వాతిది చేనేతది. అందులోనూ లేకపోతే ఆ పని చేసేవాళ్లనే అడగాలి. అడగడంలో ఒక కిటుకు ఉంది. "ఫలానా మాటకు అర్థమేమిటి" అని అడిగితే పెద్దమనుషుల కోసం అట్టేపెట్టిన జవాబు చెబుతారు. వస్తువు చూపించి "దీన్ని మీరేమంటారు" అని అడిగితే వాళ్ల మాట బయటికొస్తుంది.

ప్రాంతాల సంగతి విడిగా చెప్పాలి, కొత్త కథల్లో ఎక్కువగా చెడేది ఇక్కడే. చదివిన ప్రతి మంచి మాటనూ ఒకే పాత్ర నోట పెట్టేస్తారు. కోస్తాలో వేరుశనగ, సీమలో చెనిక్కాయలు, తెలంగాణలో పల్లీలు. రాగులనే ఉత్తరాంధ్రలో చోళ్లనీ తెలంగాణలో తైదలనీ అంటారు. గోంగూర తెలంగాణలో పుంటికూర. గుంటూరు రైతు తైదల గురించి మాట్లాడితే ఆ రైతు ఎక్కడి నుంచి వచ్చాడో నువ్వు కథలో చెప్పాల్సి వస్తుంది. ఈ గందరగోళం రాకుండా నెలకు ఒక్క ప్రాంతమే చదువు. గోదావరి ఇళ్లలో ఆడవాళ్లు మాట్లాడుకునే తీరుకు శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి, శ్రీకాకుళం పల్లెలకు కాళీపట్నం రామారావు, పాలమూరు మాటకు యశోదారెడ్డి, చిత్తూరు మాటకు నామిని. ముందు నీ సొంత ప్రాంతంతో మొదలుపెడితే మాటను ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర సరిచూసుకోవచ్చు. పుస్తకాలు కొనలేకపోతే చింతపడకు. 1997లో శ్రీకాకుళంలో మొదలైన కథల గ్రంథాలయం కథానిలయం వాళ్ల సైట్‌లో పాత పత్రికల కథలు స్కాన్ చేసి పెట్టారు.

కాలం కూడా చూసుకోవాలి. రూపాయికి పదహారణాలన్న లెక్క 1957 ఏప్రిల్ 1న పోయి నయాపైసలు వచ్చాయి. అయితే చట్టం మారినంత త్వరగా నోరు మారదు. ఇరవై ఐదు పైసలను పావలా అనడం మానలేదు. ఆ నాణెం చెల్లుబాటు 2011 జూన్ నెలాఖరుతో ఆగింది. ఇప్పటికీ "పావలా వంతు" అనేవాళ్లున్నారు. కాబట్టి 1980ల కథలో పావలా నప్పుతుంది, అణాలో పావు వంతైన కాణీ సామెతల్లో తప్ప నప్పదు. కొలతలూ అంతే. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అనే లెక్క తెలియకుండా "కుంచెడు నెయ్యి వడ్డించింది" అని రాస్తే, నాలుగు మానికల నెయ్యి ఒక విస్తట్లో పోసినట్టవుతుంది.

పాత కథల్లో కులం పేర్లను తిట్లుగా వాడిన చోట్లు తగులుతాయి. ఆ మాటల అర్థమూ చరిత్రా తెలుసుకో, పాత్ర స్వభావం కోసం తప్పనిసరైతే ఆ పాత్ర నోటనే ఉంచు. కథ చెప్పే గొంతులోకి మాత్రం రానివ్వకు. చదివి నేర్చుకున్న మాట వెంట దాని విషమూ వస్తుంది, దాన్ని ఆపాల్సింది రచయితే.

నేర్చుకున్నది ఎప్పుడు వాడాలి? మొదటి ప్రతి రాసేటప్పుడు నోట్‌బుక్ తెరవకు. నీకు వచ్చిన మాటలతోనే పూర్తిచెయ్యి. దిద్దేటప్పుడు ఎక్కడ వాక్యం పలచగా ఉందో అక్కడ చూడు. కొత్త మాట పెట్టాక పైకి చదువు. ఆ మాట దగ్గర గొంతు తడబడితే, లేదా దాన్ని నిలబెట్టడానికి పక్క వాక్యంలో వివరణ ఇవ్వాల్సి వస్తే తీసెయ్యి. పేజీకి ఒకటి మించితే పాఠకుడికి కథ బదులు నీ కష్టం కనిపిస్తుంది. పాత్ర ఎరగని మాటను పాత్ర నోట ఎంత అందంగా ఉన్నా పెట్టకు. పదేళ్ల పిల్లాడు "పరికించాడు" అని చెప్పడు, "గుడ్లప్పగించి చూశాడు" అంటాడు.

ఈ నెలకు మూడు కథలు చాలు. ఒక్కోదాన్ని రెండుసార్లు చదివి ఆరేసి మాటలు రాసుకో. వాటిలో క్రియలు సగానికి తగ్గకుండా చూసుకో. నెలాఖరుకు ఆ నోట్‌బుక్ పేజీలే ఫొటో తీసి పంపు, కథ తర్వాత పంపొచ్చు. ఏ మాటకు తోడు సరిగ్గా పట్టావో, ఏది ఇంకా ఒంటరిగా ఉందో చూసి చెబుతాను.

శుభాకాంక్షలతో.