గ్యాప్ ఎన్నేళ్లున్నా రెజ్యూమెలో ఉన్నది ఉన్నట్టే రాయండి

"అక్కా, పిల్లల కోసం ఆరేళ్లు ఇంట్లోనే ఉన్నాను, ఇప్పుడు ఈఏడీ (అమెరికాలో పనిచేయడానికి ఇచ్చే అనుమతి కార్డు) వచ్చింది, ఆ ఆరేళ్లకి రెజ్యూమెలో ఏం పెట్టాలి?" డాలస్ చుట్టుపక్కల కొత్తగా పరిచయమయ్యే మన అమ్మాయిలు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. పిల్లల్ని చూసుకున్నానని పెట్టండి. అదే నిజం కాబట్టి, అది చెప్పుకోలేని విషయం కాదు కాబట్టి.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఇదే ప్రశ్న ఏ కన్సల్టెన్సీనో అడిగితే చాలాచోట్ల వచ్చే సలహా వేరు. ఆ ఆరేళ్లూ హైదరాబాద్‌లో ఏదో కంపెనీలో చేసినట్టు పెట్టేద్దాం, రిఫరెన్సులు మేం చూసుకుంటాం, ఇంటర్వ్యూలో కావాలంటే మీ బదులు మాట్లాడే ప్రాక్సీని పెడదాం అంటారు. అందరూ చేసేదేగా అని ఇంట్లోవాళ్లు కూడా అంటారు. దయచేసి ఒప్పుకోకండి. మీరు వీసా కోసం నింపిన డీఎస్-160లో హోమ్‌మేకర్ అని రాసి ఉంటారు, రేపు గ్రీన్‌కార్డుకి ఐ-485 వేసేటప్పుడు గత ఐదేళ్లు ఎక్కడ ఏం పనిచేశారో మళ్లీ రాయాలి. రెజ్యూమెలో ఒకటి, ప్రభుత్వానికి ఇచ్చిన కాగితాల్లో ఇంకొకటి ఉంటే ఆ ఇబ్బంది మీ ఒక్కరిదీ కాదు, ఇంటిల్లిపాదిదీ. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో పట్టుబడితే ఆఫర్ పోతుంది, చేరిన తర్వాత తెలిసినా తీసేస్తారు. ఇవేవీ జరగకపోయినా, చేయని ప్రాజెక్టు గురించి రోజూ టీమ్‌లో మాట్లాడుతూ ఉండే టెన్షన్ మనిషిని తినేస్తుంది. నిజంగా తెలివైన అమ్మాయిలు ఆ భయంతో మీటింగుల్లో నోరు మెదపకుండా కూర్చోవడం చూశాను, ఎంత బాధనిపించిందో చెప్పలేను.

రాసే పద్ధతి చాలా సులువు. "కెరీర్ బ్రేక్, పిల్లల పెంపకం" అని ఒక లైను, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకానో, దాని కింద ఈ మధ్య చేసిన కోర్సో సర్టిఫికేషనో ఉంటే అది. లింక్డ్‌ఇన్‌లో 2022 నుంచి కెరీర్ బ్రేక్ అని విడిగా పెట్టుకునే వీలు కూడా ఉంది. ఇంటర్వ్యూలో అడిగితే రెండు వాక్యాలు చాలు: పిల్లలు చిన్నవాళ్లని ఆగాను, ఇప్పుడు స్కూలుకి వెళ్తున్నారు, పనికి సిద్ధంగా ఉన్నాను. అక్కడితో ఆపి ఈ మధ్య నేర్చుకున్నదాని మీదికి మాట తిప్పండి. మనవాళ్లు ఇక్కడే సంజాయిషీ మొదలుపెడతారు, అత్తగారికి బాగోలేదు, వీసా లేదు, మధ్యలో ఊళ్లు మారాం అంటూ. అవేవీ అవతలివాళ్లకి అక్కర్లేదు.

ఇక అసలు పనిచేసే హక్కు సంగతి. హెచ్-4 (హెచ్-1బీ వర్క్ వీసా మీద ఉన్నవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద వచ్చినవాళ్లకి ఈఏడీ ఇచ్చే రూలు 2015 మే 26న అమల్లోకి వచ్చింది. మీవారి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయి ఉండాలి, లేదా గ్రీన్‌కార్డు ప్రాసెస్ వల్ల ఆరేళ్లు దాటి హెచ్-1బీ పొడిగించి ఉండాలి. కంపెనీ బదిలీ మీద ఎల్-1 వీసాతో వచ్చినవాళ్ల ఎల్-2 భార్యాభర్తలకి ఐ-94 (దేశంలోకి వచ్చినప్పటి ఎంట్రీ రికార్డు) మీద ఎల్-2ఎస్ అని ఉంటే విడిగా ఈఏడీ కూడా అక్కర్లేదు. హెచ్-4 వాళ్లు ఈఏడీ రాకముందు, జీతం లేదు కదా అని తెలిసినవాళ్ల స్టార్టప్‌కి కోడ్ రాసిపెట్టడం, ఇక్కడ కూర్చుని ఇండియా కంపెనీకి పనిచేయడం లాంటివి పెట్టుకోకండి, ఎవరేం చెప్పినా ముందు ఒక ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. చదువుకి మాత్రం అడ్డులేదు, హెచ్-4 మీదే కాలేజీలో చేరొచ్చు. కమ్యూనిటీ కాలేజీలో ఒకట్రెండు కోర్సులు చేస్తే రెజ్యూమెలో ఈ ఏటి తేదీతో ఒక లైను వస్తుంది, ఆ లైనుకి విలువ చాలా ఉంది.

ఈఏడీ ఉన్నవాళ్లు రెన్యూవల్ తేదీ మాత్రం కంటికి కనపడేచోట రాసి పెట్టుకోండి. ఇంతకుముందు రెన్యూవల్ వేస్తే పాత కార్డు మీదే 540 రోజుల దాకా పనిచేసే వెసులుబాటు ఉండేది. 2025 అక్టోబరు 30 నుంచి వేసిన అప్లికేషన్లకి అది తీసేశారు. అంటే కార్డు గడువు ముగిసేలోపు కొత్తది చేతికి రాకపోతే వచ్చేదాకా పని ఆపాల్సిందే, ప్రీమియం ప్రాసెసింగ్ కూడా దీనికి లేదు. అందుకే 180 రోజుల ముందు నుంచే ఫైల్ చేసే ఏర్పాట్లు చూసుకోండి. మీవారి ఎక్స్‌టెన్షన్, మీ హెచ్-4, మీ ఈఏడీ అప్లికేషన్ ఐ-765 మూడూ కలిపి వెళ్లేలా వాళ్ల కంపెనీ లాయర్‌తో ముందే మాట్లాడించండి. మీవారి ఉద్యోగంలో తేడా వస్తే మీ పని హక్కు మీదా ఆ ప్రభావం పడుతుందన్నది కూడా గుర్తుంచుకోండి.

ఎక్కడ అప్లై చేయాలంటే, రిటర్న్‌షిప్ అని వెతకండి. బ్రేక్ తీసుకున్నవాళ్ల కోసమే పెట్టిన ప్రోగ్రాములివి, గోల్డ్‌మన్ శాక్స్ 2008లోనే మొదలుపెట్టింది, ఆ తర్వాత చాలా పెద్ద కంపెనీలు అందుకున్నాయి. అమెజాన్‌ది 16 వారాలు, జీతంతో. ఐరీలాంచ్, పాత్ ఫార్వర్డ్ అనే సంస్థల సైట్లలో ఏ కంపెనీలో ఎప్పుడు తీసుకుంటున్నారో కనబడుతుంది. వీటిలో గ్యాప్ ఉండటమే అర్హత! చాలావాటికి బ్రేక్‌కి ముందు కొన్నేళ్ల అనుభవం కావాలి, స్పాన్సర్‌షిప్ అవసరం లేనివాళ్లే కావాలంటారు. ఈఏడీ ఉన్నన్నాళ్లూ కంపెనీ మీకోసం ఏ పిటిషనూ వేయక్కర్లేదు కాబట్టి ఆ మాట రిక్రూటర్‌కి ముందే చెప్పండి, చాలామందికి ఈ సంగతి తెలియదు. రిటర్న్‌షిప్ దొరక్కపోతే ఆరు నెలల డబ్ల్యూ-2 కాంట్రాక్ట్ (ఉద్యోగిగా జీతం మీద తీసుకునేది) అయినా పట్టుకోండి. పాత జీతం, పాత హోదా మొదటి ఉద్యోగంలోనే తిరిగి రావాలని పట్టుబట్టకండి, మొదటి ఏడాది గడిస్తే తర్వాత ఇంటర్వ్యూల్లో గ్యాప్ గురించి అడిగేవాళ్లు బాగా తగ్గిపోతారు. ట్రైనింగ్‌కి ఇంత, ప్లేస్‌మెంట్‌కి ఇంత అని మీ దగ్గరే డబ్బు అడిగేవాళ్ల దగ్గరికి వెళ్లొద్దు.

నేర్చుకోవాల్సింది అందరికీ ఒకటి కాదు. టెస్టింగ్‌లో ఉన్నవాళ్లు సెలీనియంతో పాటు ప్లేరైట్ చూడండి, జావా 8 దగ్గర ఆగిపోయినవాళ్లు 17, 21 చూడండి. సేల్స్‌ఫోర్స్ నేర్చుకోవాలంటే ట్రెయిల్‌హెడ్ ఉచితమే. ఫీల్డ్ మొత్తం మార్చేయాలని కంగారుపడకండి, పాత పనిలో మీకున్న పట్టు ఊరికే పోదు. ఐటీ కానివాళ్లు లైసెన్సు సంగతి ముందు తేల్చుకోవాలి. నాలుగేళ్ల బీఫార్మసీ 2003 తర్వాత పూర్తిచేసినవాళ్లకి ఇక్కడ ఫార్మసిస్ట్ పరీక్షల దారి మూసుకుపోయినట్టే, ఐదేళ్ల కోర్సు అడుగుతారు, ఎంఫార్మసీ ఉందని చెప్పినా లాభం ఉండదు. ఫార్మసీ టెక్నీషియన్ సర్టిఫికేషన్ చూసుకోవచ్చు. టీచర్లుగా చేసినవాళ్లు డిగ్రీ ఎవాల్యుయేషన్ చేయించుకుని మీ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో సబ్‌స్టిట్యూట్ పోస్టులు అడగండి, పిల్లల స్కూలు టైమింగులకి సరిపోతుంది.

నేను ఎక్కువ భయపడేది ఇంటి సంగతి గురించే. మనవాళ్ల మామూలు ప్లాను ఏమిటంటే అమ్మావాళ్లు ఆరు నెలలు, అత్తయ్యావాళ్లు ఆరు నెలలు వచ్చి పిల్లల్ని చూసుకుంటారు అని. విజిటర్ వీసా మీద సాధారణంగా ఆరు నెలలే ఇస్తారు, ఒకరు వెళ్లి ఇంకొకరు వచ్చే మధ్యలో ఎవరికో ఒంట్లో బాగోలేకపోతే మీ ఉద్యోగం అక్కడే ఆగుతుంది. పైగా అరవై దాటినవాళ్లని, కారు నడపలేని ఊళ్లో, చలిలో, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రెండేళ్ల పిల్లాడితో వదిలేయడం న్యాయం కాదని నాకు గట్టిగా అనిపిస్తుంది. వాళ్లు వస్తే మనవలతో ఆడుకోవడానికి రావాలి. డేకేర్ వెయిటింగ్ లిస్టులో అప్లికేషన్లు మొదలుపెట్టిన రోజే పేరు రాయించండి. మీవారి కంపెనీలో డిపెండెంట్ కేర్ ఎఫ్ఎస్ఏ (పిల్లల సంరక్షణ ఖర్చుల ఖాతా) ఉందేమో అడగండి, 2026 నుంచి కుటుంబానికి 7,500 డాలర్ల దాకా పన్ను లేకుండా పక్కన పెట్టుకోవచ్చు. ఇంతకుముందు అది 5,000. "నా జీతమంతా డేకేర్‌కే పోతుంది, ఇంకెందుకు" అని చాలామంది ఆగిపోతారు. ఆ ఖర్చు మీ ఒక్కరి జీతంలోంచే ఎందుకు లెక్కేస్తున్నారు? పిల్లాడు ఇద్దరిదీ, ఖర్చూ ఇద్దరిదీ. పిల్లాడు పెద్దవుతున్నకొద్దీ ఆ ఫీజు తగ్గుతుంది, మీ అనుభవం పెరుగుతూ పోతుంది.

డేకేర్‌లో వేసిన మొదటి కొన్ని నెలలు పిల్లలకి జలుబు, జ్వరం వస్తూనే ఉంటాయి, జ్వరం ఉంటే ఇంటికి తీసుకెళ్లమని ఫోన్ వస్తుంది. ఇంట్లోవాళ్లకి పెద్ద జబ్బు చేసినప్పుడు ఉద్యోగం పోకుండా సెలవు ఇచ్చే ఎఫ్ఎంఎల్ఏ చట్టం కింద హక్కు రావాలంటే ఒకే కంపెనీలో కనీసం పన్నెండు నెలలు, 1,250 గంటలు పనిచేసి ఉండాలి, కొత్తగా చేరిన మీకు అది ఉండదు, మీవారికి ఉండే అవకాశం ఎక్కువ. మామూలు జలుబుకి అది ఎలాగూ పనికిరాదు కానీ, ఆసుపత్రిలో ఉండాల్సినంత జబ్బు చేస్తే ఎవరు ఆగగలరో మీకు తెలిసి ఉండాలి. కాబట్టి ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందే ఇద్దరూ కూర్చుని, డేకేర్ వాళ్లు మొదట ఎవరి నంబర్‌కి చేయాలో, ఏ రోజుల్లో ఎవరు వెళ్లి తీసుకురావాలో తేల్చుకోండి. మొదటి ఆరు నెలలు ఆ ఫామ్‌లో ముందు మీవారి నంబరే రాయండి.