కొండ బీడులో గుచ్చుకునే గడ్డి ఏది, మేపే గడ్డి ఏది?

ప్రశ్న: సార్, మాది ఉదయగిరి పక్కన. కొండ కింద బీడులో నాలుగైదు రకాల గడ్డి ఉండాది, జుడిపి గొర్రెల్ని ఆడికే తోల్తాం. ఈ మధ్య మూతికీ కాళ్ళకీ ముళ్ళు దిగి కుంటతా ఉన్నాయి. మొత్తం దున్నేసి వేరే గడ్డి వేసేదా? ఫొటోలు పెట్టినా.

జవాబు: దున్నొద్దన్నా, ముందు ఆ పని ఆపండి. అవి ఏటేటా అదే దుబ్బు నుంచి చిగురేసే అడవి గడ్లు, ఒకసారి పోతే మళ్ళీ రావడం కష్టం. అనుమానంగా ఉంటే దుబ్బు పట్టి లాగండి, ఒక్క ఏడాది గడ్డి అయితే వేళ్ళతో సహా ఊడొస్తది, ఇవి అంత తేలిగ్గా రావు, మొదట్లో పోయినేటి ఎండు తొడుగులు కూడా కనిపిస్తాయి.

గుచ్చుకునేది మొదటి ఫొటోలోది, స్పియర్ గ్రాస్. మొదలు దగ్గర పిలక గుండ్రంగా ఉండదు, పక్కల నుంచి నొక్కినట్టు చదునుగా ఉంటది. కంకి పైభాగంలో గింజలకి పొడుగాటి ముదురు గోధుమ రంగు మీసాలు, ఎండేకొద్దీ అన్నీ జడేసినట్టు పెనేసుకుంటాయి. ఒక ఎండిన గింజ అరచేతిలో పెట్టుకుని నీటి చుక్క వేసి చూడండి, మీసం దానంతటదే తిరుగుతుంది. కింద సూది మొన, దాని చుట్టూ వెనక్కి వాలిన నూగు, అందుకే మంచు తడికి తిరిగి తిరిగి చర్మంలోకి దిగుతుందే గానీ వెనక్కి రాదు. జుడిపికి బొచ్చు తక్కువ కాబట్టి కొంత నయం, ఉన్ని గొర్రెలైతే ఇంకా అవస్థ. అయితే కంకి తీయకముందు ఇది మంచి మేతే! లేతగా ఉన్నప్పుడే అటు తోలండి, లేకపోతే కోసి వేయండి, కంకులు ముదిరాక మాత్రం మంద ఆ చెక్కలోకి పోకూడదు.

రెండోది బోదగడ్డి, ఆకు నలిపితే నిమ్మగడ్డి వాసన, ముదిరితే గొర్రె ముట్టదు, అది పెరిగిపోతా ఉందంటే మిగతా గడ్డిని మరీ కొరికించేస్తున్నారని లెక్క. మూడోది అంజన్ గడ్డి, కంకి నిండా మెత్తటి నూగు, గింజలు నూగుతోనే రాలతాయి, గుచ్చుకోవు, దాన్ని కాపాడుకోండి. రాళ్ళలో ఒక్కో గింజకి మూడేసి మీసాలున్న సన్న గడ్డి కనిపిస్తే దాని మీద ఆశ పెట్టుకోవద్దు, మేతకి పెద్దగా రాదు.

సాయంత్రం మంద ఇంటికొచ్చాక పెదాలు, గిట్టల మధ్య, కళ్ళు చూసి ముళ్ళు తీసి అయోడిన్ రాయండి, కంట్లో దిగితే మీరు లాగొద్దు, పశువుల డాక్టర్‌కి చూపించండి. నాలుగో ఫొటోలో ఉత్త ఆకులే ఉన్నాయి, కంకి వేసినాక దగ్గరగా తీసి పంపండి.