కాంటా కోసం కడుపు మాడ్చుకోకు

బిడ్డా,

నిన్న మీ నాన్న ఫోన్ చేసిండు. రాష్ట్ర బాక్సింగ్ పోటీల కోసం 51 కిలోల విభాగం నుంచి 48కి దిగుతున్నవట. రాత్రి అన్నం మానేసినవట, పొద్దుగాల రెండు చొక్కాల మీద రెయిన్‌కోటు తొడుక్కొని ఉరుకుతున్నవట. ఫోన్‌ల తిడితే పెట్టేస్తవని రాస్తున్న.

80 కిలోల మనిషికి మూడు కిలోలంటే ఏం లెక్క? నీకైతే ఒంట్లో పదిహేడో వంతు.

నేను 48ల ఆడిన రోజుల్లో మరిగే నీళ్ల గిన్నె ముందర దుప్పటి కప్పుకొని కూసునేటోన్ని. గ్లాసుల ఉమ్మి కూడా బరువు తగ్గించుకునేది, నవ్వకు. ఒకసారి కాంటా మీద 47.9 వచ్చింది, ఎగిరి గంతేసిన. రింగుల మూడో రౌండుకు కాళ్లు నా మాట వినలే. అవతలోడు నా కంటే మంచి బాక్సరేం కాదు, అన్నం తిని వచ్చిండంతే.

నీ గోడ మీద మన బాక్సర్ నిఖత్ జరీన్ ఫోటో ఉంది కదా, ఆ పిల్ల సంగతే చూడు. 2022 మేలో ఇస్తాంబుల్‌ల ప్రపంచ టైటిల్ గెలిచింది 52 కిలోల్లో. పారిస్ ఒలింపిక్స్‌ల 52 లేదు. ఉంటే 50, లేకుంటే 54. 50కి దిగింది. దిగి ఆ ఏడే బర్మింగ్‌హామ్‌ల కామన్‌వెల్త్ బంగారం, 2023ల ఢిల్లీల రెండో ప్రపంచ టైటిల్ కొట్టింది. 2024ల పారిస్‌కు పోతే రెండో బౌటుల చైనా వూ యూ చేతుల 0-5తో ఓడింది. బరువు కోసం రెండు రోజులు తిండి, నీళ్లు లేకుండా ఉన్ననని తర్వాత తనే చెప్పుకుంది. అట్లని దిగుడే తప్పని నేననను. ఆ వూ యూ కూడా 52 నుంచి దిగినదే, బంగారం ఎత్తుకపోయింది. కానీ వాళ్లు ఎదిగిన ఒళ్లతోని దిగిన్రు. నీకు పదిహేడేండ్లు, ఇంకా ఎదుగుతున్నవ్. పోటీలకు పన్నెండు రోజులే ఉన్నయ్.

ఇంకోటి విను. మన ఆటల బౌటు ఉన్న ప్రతి పొద్దుగాల కాంటా ఎక్కాలె. ఒక్కసారి ఎండి ఎక్కితే అయిపోదు. ఫైనల్‌కు పోతే నాలుగు రోజులు ఎండాలె. ఎండిన ఒంటితోని తలకు దెబ్బ తింటే ప్రమాదమెక్కువ. అది ఓడుడు కంటే పెద్ద సంగతి.

రేపటి నుంచి లేవంగనే, ఏం తాగకముందే, బాత్రూంకు పోయొచ్చి బరువు చూసి నోటుబుక్కుల రాయి. నెలసరి ముందు ఒంట్ల నీరు చేరి ఎక్కువ చూపిస్తది, భయపడకు. (ఈ మాట మీ పెద్దమ్మ రాయమన్నది.) రోజూ 52 చుట్టు తిరిగితే 51 నీదే. కొంచెం ఉప్పు తగ్గించు, రాత్రి అన్నం రెండు పిడికిళ్లు తగ్గించు, కూర, గుడ్డు మాత్రం తగ్గించకు. కాంటా దిగినంక ముందుగాల ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు, గంటాగి పెరుగన్నం, అరటిపండు. గెలవకముందే బిర్యానీ అడగకు.

అసలు 48కి ఎందుకు పోతున్నవో నాకెరుకే. పోయినేడు నిన్ను ఓడగొట్టిన పిల్ల 51ల ఉందని. 2028 లాస్ ఏంజెలిస్‌ల ఆడపిల్లల బాక్సింగ్ మొదలయ్యేదే 51 నుంచి, 48 లేనే లేదు. నిఖత్ కూడా 2025 నవంబరుల గ్రేటర్ నోయిడాల ప్రపంచ కప్ ఫైనల్స్ గెలిచింది 51లనే. ఇయ్యాల ఆ పిల్లను తప్పించుకుంటే రేపు ఎట్లయినా ఎదురు పడవలసిందే. ఆమె ఎడమ చెయ్యి కొట్టినంక గడ్డం దగ్గరికి తిరిగి తెచ్చుకోదు. పోయినేడు మూడు రౌండ్లూ నేను చూస్తనే ఉన్న, నువ్వే చూడలే.

ఆదివారం పొద్దుగాల ఆరింటికి ప్యాడ్లు పట్టుకొని వస్తున్న. ఆ చెయ్యి సంగతి చూద్దాం. టిఫిన్ తినే ఉండు.

మీ పెదనాన్న