పాత పేటల్లో చెక్క ఇళ్ల నడక: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా కాలనీవాళ్లం, ఇంటర్ పిల్లలం కలిపి ఇరవై ఐదు మందిమి. వరంగల్ మట్టెవాడ, గిర్మాజీపేట వైపు పాత భవంతి ఇళ్లు (నడుమ పైకప్పు లేని ఖాళీ, దాని చుట్టూ గుంజలు అంటే చెక్క స్తంభాలు ఉండే ఇళ్లు) చూపిస్తూ ఒక ఆదివారం నడక పెట్టాలనుకుంటున్నాం. ఎట్లా నడిపించాలి? ఏం చూపించాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందు జట్టును రెండుగా విడగొట్టండి. సందులో పదమూడు మంది దాటితే వెనకవాళ్లకు మాట వినిపించదు, బండ్లకు దారి ఉండదు, ఇంటివాళ్లకు విసుగు. అరగంట తేడాతో బయల్దేరండి. దూరం కిలోమీటరు చాలు, సమయం గంటన్నర. బయటి నుంచి ఎనిమిది ఇళ్లు చూపినా లోపలికి రెండింట్లోకే తీసుకెళ్లండి. ఇరవై ఇళ్లు చూశామని చెప్పుకునే నడకలో ఒక్క దర్వాజ కూడా సరిగ్గా చూడరు.

పొద్దున ఏడింటికి మొదలుపెట్టండి. అప్పటికింకా దుకాణాలు తెరవరు. అంతకంటే ముఖ్యం ఎండ. తూర్పు ముఖం ఇళ్ల మీద ఆ వేళ చూరు కిందికి, దర్వాజ దాకా పడుతుంది, చెక్కడం అప్పుడే బాగా కనబడుతుంది. పది దాటితే చూరు నీడలో దర్వాజ నల్లటి పలకలా ఉంటుంది. కాబట్టి తూర్పు ముఖం ఇళ్లు ముందు వచ్చేలా దారి వేసుకోండి.

ఇంటివాళ్లను వారం ముందు అడిగి, ముందు రోజు సాయంత్రం మళ్లీ గుర్తు చేయండి. వంటిల్లు, దేవుని అర్ర ఫొటోలు వద్దు. ‘ఈ గుంజలకు ఇప్పుడు ఎంత వస్తుంది’ అని వాళ్ల ముందు ధర లెక్కలు వేయొద్దు. పాత టేకు కొనేవాళ్లు తిరుగుతూనే ఉంటారు, ఆ మాట చాలామంది ఇంటివాళ్లకు ముల్లులా గుచ్చుకుంటుంది.

ఇక చూపించేది. అందరూ పువ్వులు, చిలకల చెక్కడం దగ్గర ఆగిపోతారు. మా మాట వింటే అతుకులు చూపించండి. పాత తలుపుకు చాలాచోట్ల ఇనుప కీళ్లు ఉండవు. రెక్క అంచున పైనా కిందా మొనలు చెక్కి ఉంటాయి. కింది మొన కడప (గడప) చెక్కలోని గుంటలో, పైది దర్వాజ పై చెక్కలోని గుంటలో తిరుగుతుంది. ఇంటివాళ్లు ఒప్పుకుంటే పిల్లలతో ఒకసారి మెల్లగా తిప్పించండి, బరువైన రెక్క వేలితో నెట్టినా కదులుతుంది. కింది గుంట అరిగిన ఇళ్లలో రెక్క కుంగి కడపను రాసుకుంటుంది, నేల మీద వంపు గీత పడుతుంది. ఆ గీత కనబడితే తప్పక చూపండి. కడపను దాటాలే గాని తొక్కొద్దని ముందే చెప్పండి.

తర్వాత భవంతిలో గుంజలు. ప్రతి గుంజ కింద రాతి దిమ్మె ఎందుకుందో పిల్లల్నే అడగండి. నేల తేమ చెక్కకెక్కకుండా, చెదలు వస్తే బయటికి కనబడేలా. కొత్తగా గచ్చు ఎత్తు పెంచి దిమ్మెను పూడ్చేసిన ఇళ్లలో గుంజ అడుగు మెత్తబడి ఉంటుంది. గుంజ తలమీది అడ్డచెక్క, దాని మీద దూలం, మధ్యలో కర్ర చీల: ఇవి విడివిడిగా కనిపించేదాకా అక్కడే నిలబడండి. నాలుగు వైపుల పెంకుల నీళ్లు భవంతిలోనే పడి, తూము గుండా వీధిలోకి పోవాలి. ఆ తూము మూసుకుపోతేనే ఇంటికి జబ్బు మొదలవుతుంది.

ప్రశ్న: నడకకు వచ్చేవాళ్లను మా తాతల నాటి ఇంటి మేడ మీదకు ఎక్కించవచ్చా? పది అడుగులకు పన్నెండు అడుగుల గది, చెక్క దూలాలు.
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: కొత్త ఇంటి గదికి చదరపు మీటరుకు 200 కిలోల బరువు లెక్క వేస్తారు. మీ గది సుమారు 11 చదరపు మీటర్లు, అంటే 2,200 కిలోలు. మనిషికి 60 కిలోల చొప్పున ఇరవై ఐదు మంది ఎక్కినా 1,500 కిలోలే. కానీ ఆ లెక్క పుచ్చిన దూలానికి పనికిరాదు. దూలం సాధారణంగా గోడలో దూరిన కొసన పాడవుతుంది. పెంకు జారి గోడ తడుస్తుంది. పాత సున్నం గోడైతే ఆరేది, పైన సిమెంటు పూత వేస్తే తడి లోపలే ఉంటుంది. చెదలు ఆ తడి వెంటే వస్తాయి.

గోడకు జానెడు దూరంలో దూలాన్ని స్క్రూడ్రైవరు పిడితో కొట్టండి. డొల్ల మోత వస్తే మొనతో పొడవండి. పావు అంగుళం దాటి తేలిగ్గా దిగితే ఎవరినీ ఎక్కించొద్దు. చెదల మట్టి గీత కనబడితే కొంత గీకేసి రెండు మూడు రోజులకు చూడండి, మళ్లీ కట్టి ఉంటే చెదలు బతికే ఉన్నాయి. దూలం పక్కన, కింది అంచు వెంట ఈ కొస నుంచి ఆ కొసకు దారం బిగించి లాగి వంపు కొలవండి. పది అడుగులకు అంగుళం వంగి ఉంటే ఇంజనీరు చూసేదాకా మేడ మూసే ఉంచాలి. అన్నీ బాగున్నా ఒకసారికి ఐదారుగురే, అదీ గోడల వెంట. నడిమధ్యన గుమిగూడితేనే దూలం ఎక్కువ వంగుతుంది.

ప్రశ్న: అహ్మదాబాద్ పోల్‌లలో చెక్క ఇళ్ల నడకకు అమ్మానాన్నలను తీసుకెళ్లాలి. వాళ్లకు అరవై దాటాయి. ఎట్లా ఉంటుంది?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: తప్పక వెళ్లండి. నగరపాలక సంస్థ ఆధ్వర్యంలో 1997లో మొదలైన నడక అది. కాలుపూర్ స్వామినారాయణ మందిరం దగ్గర పొద్దున బయల్దేరి జామా మసీదు దగ్గర ముగుస్తుంది. మందిరం 1822 నాటిది, బర్మా టేకు చెక్కడం దగ్గర ఎక్కువసేపు ఆగండి. పోల్ అంటే ఒక గవిని (పెద్ద ద్వారం) లోపల కలిసి ఉండే ఇళ్ల సందు. అక్కడ పక్షులకు గింజలు పోసే ఎత్తైన చబూతరోలు, ఇంటి నడిమి ఖాళీ కింద వాననీళ్లు దాచే టాంకాలు మన భవంతి ఇళ్లతో పోల్చి చూడాల్సినవి. రెండు గంటలకు పైగా నిలబడటం, నడవటమే కాబట్టి మోకాళ్ల నొప్పి ఉంటే మడత స్టూలు తీసుకెళ్లండి. మందిరంలో విప్పాలి కాబట్టి లేసుల్లేని చెప్పులు మేలు. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లండి. జనవరి 14, 15 తేదీల్లో మాత్రం గాలిపటాల పండగకు పోల్‌లు కిక్కిరిసి ఉంటాయి, పెద్దవాళ్లతో ఆ రెండు రోజులు వద్దు.