సెక్స్, జెండర్ రెండూ ఒకటే కదా, వైద్యంలో విడదీసి చూడటం ఎందుకు?

మా అమ్మకి గుండెపోటు వచ్చేదాకా నేనూ ఇదే అడిగేదాన్ని.

మాది గాజువాక. నాన్నది స్టీల్‌ప్లాంటు, ఆరోజు పొద్దున ఆరింటి షిఫ్టు. తెల్లవారుజామున నాలుగింటికి అమ్మకి దవడ లాగేస్తోంది, కడుపులో తిప్పుతోంది, జాకెట్టు తడిసిపోయేంత చెమట. అయినా నాన్నని లేపలేదు. అన్నం వార్చి, బీరకాయ కూర చేసి, క్యారేజీ కట్టి పంపాకే గోడకి ఆనుకుని కూర్చుంది. నేను దగ్గర్లోని క్లినిక్‌కి తీసుకెళ్తే గ్యాస్ అని బిళ్ల ఇచ్చారు. "ఈ వయసు ఆడవాళ్లకి మామూలే, టెన్షన్ పడకండి" అన్నారు. ఈసీజీ తీసేసరికి మధ్యాహ్నం పన్నెండు.

గుండెపోటులో ఆడవాళ్లకీ ఎక్కువగా వచ్చేది ఛాతీ నొప్పే. కాకపోతే దవడ నొప్పి, వీపు నొప్పి, వికారం, ఆయాసం మగవాళ్లలో కంటే వాళ్లలో ఎక్కువగా కనిపిస్తాయి. ఇది శరీరం సంగతి, అంటే సెక్స్. క్యారేజీ కట్టేదాకా నొప్పి సంగతి ఎత్తకపోవడం, క్లినిక్‌లో ఆ మాటతో సరిపెట్టేయడం జెండర్, అంటే ఆడవాళ్లంటే ఇలా అని సమాజం అలవాటు చేసిన తీరు. ఆ ఎనిమిది గంటల ఆలస్యంలో దేని వాటా ఎంతో ఇప్పటికీ విడదీయలేను.

మందుల దగ్గర మాత్రం సెక్స్ తేడా తేటగా తెలుస్తుంది. జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర ఆడవాళ్ల ఒంట్లోంచి నెమ్మదిగా పోతుంది, కొందరికి మర్నాడు బండి నడిపేటప్పటికీ మత్తు వదలకపోవచ్చు. ఆడవాళ్లకి డోసు 10 మిల్లీగ్రాముల నుంచి 5కి తగ్గించమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పింది 2013లో! అప్పటికి ఆ మందు అక్కడ అమ్ముడవుతూ ఇరవై ఏళ్లు. 1977లో, గర్భం దాల్చే అవకాశమున్న ఆడవాళ్లని కొత్త మందుల్ని మనుషుల మీద పరీక్షించే తొలిదశ ట్రయల్స్‌లోకి తీసుకోవద్దన్నదీ ఆ సంస్థే. 1993లో గానీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

ల్యాబ్ స్లిప్పు మీద ఆడా, మగా అని ఒక్క గడి ఉంటే చాలనుకుంటాం. రక్తహీనతకి హిమోగ్లోబిన్ హద్దు డెసిలీటరు రక్తానికి మగవాళ్లకి 13 గ్రాములు, గర్భిణులు కాని ఆడవాళ్లకి 12. కొన్నాళ్లుగా టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను తీసుకుంటున్న ట్రాన్స్ పురుషుడికి, అంటే పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాసినా మగవాడిగా బతుకుతున్న మనిషికి, మగవాళ్ల హద్దే దగ్గర. అదే మనిషికి గర్భాశయ ముఖద్వారం ఉంటే ఆ క్యాన్సర్ పరీక్షలూ చేయించాలి. మగ అని టిక్ పెట్టాక ఆ సంగతి అడిగేదెవరు?

అమ్మకి స్టెంట్ వేశారు. రోజూ అరగంట నడవమన్నారు. కుళాయి వచ్చే వేళ, నడక వేళ ఒకటే కావడంతో ఇప్పుడు బిందెలు నాన్నే పడుతున్నారు, గొణుక్కుంటూనే.